చింతపండుతో తోమిన రాగి రేకులు

కంటికి కనబడని దాన్ని కూడా కొలత తప్పకుండా అమర్చిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. పరమాణువుకీ పరమాణువుకీ మధ్య ఎంత ఎడం ఉండాలో నిర్ణయించింది ఆయనే. నా చదువంతా ఆ ఎడాన్ని చూడటానికే.

మా వైపు మిరప తోటల్లో మోటార్ల రాగి తీగలు తొందరగా నల్లబడతాయి. తోట మీద కొట్టే గంధకం వల్లనా, మామూలు గాలి వల్లనా అన్నదే నా పరిశోధన. నల్లబడిన రాగి మీదకు ఎక్స్‌రే కిరణాన్ని పంపి, దాని శక్తిని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, ఒకచోట రాగి దాన్ని ఒక్కసారిగా పీల్చుకుంటుంది. ఎంత పీల్చుకుందో చూపే గ్రాఫు గీతలో ఆ తర్వాత వచ్చే సన్నని అలలను బట్టి, రాగి పక్కన ఉన్నది గంధకమో ఆక్సిజనో తెలుస్తుంది. అలాంటి కిరణాలిచ్చే యంత్రం ఎక్కడో దూరాన ఉంది. దాని మీద మాకు సమయం దొరకడమే గగనం. నాకు రంజాన్ మొదటి వారంలో దొరికింది. అది తప్పితే మళ్లీ వచ్చేలోగా నా పీహెచ్‌డీ గడువు ముగిసిపోతుంది.

నల్లబడటానికని మేనమామ తోటలో పంట కాలమంతా వేలాడదీసిన రాగి రేకులను విప్పి, గుంటూరు తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి కాలేజీకి వెళ్లాను. వచ్చేసరికి అవి లేవు.

"అమ్మా, రేకులేవి?"

"తోమి బోర్లించా. ఛీ, ఎంత నల్లగా ఉన్నాయే! వాటిని పట్టుకుని పెద్దోళ్ల ముందుకెళ్తే మన పరువేం కాను?"

రంజాన్ వస్తుందంటే మా ఇంట్లో ప్రతి గిన్నే చింతపండు, ఉప్పుతో మెరవాల్సిందే. రేకులు కొత్త నాణేల్లా ఉన్నాయి.

"ఆ నలుపే కదమ్మా నాకు కావాల్సింది."

"మురికి మీదా నీ చదువు? ముందే చెప్పి చావొచ్చుగా!" అని అరిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

గైడు సారుకు ఫోన్ చేశాను. "తుప్పు తిన్న శాంపిళ్లు చూశాను గానీ, చింతపండు తిన్నవి ఇవేనమ్మా. ఉన్నవి పట్టుకుని బయల్దేరు," అన్నారు.

సారూ నేనూ వెళ్లాం. నేను ఉపవాసంతోనే యంత్రం దగ్గర కూర్చున్నాను. ఏ రేకు పెట్టినా స్వచ్ఛమైన రాగి గీతే వచ్చింది. చివరికి ఒక రేకు అంచున, చెయ్యి కోసుకోకుండా మామయ్య మడిచిన మడతను విప్పితే, లోపల సన్నని నల్లచార మిగిలి ఉంది. కిరణాన్ని దాని మీదకే తిప్పాం. గీత వణుకుతూ వచ్చింది. గంధకం కనబడాల్సిన చోట చిన్న ఉబ్బు.

"సార్, గంధకమే!"

"ఉంది కాబట్టి అంటున్నావా, ఉండాలనుకుంటున్నావు కాబట్టా?"

ఇంకోసారి కొలుద్దామని మీట మీదకు చెయ్యి పోనిచ్చాను. ఇచ్చిన సమయం అయిపోయింది.

థీసిస్‌లో ఆ ఫలితం రాయాల్సిన పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. అమ్మ నమాజు ముగించి చాపమీదే కూర్చుని, "నా చేత్తో పోయిందా, ఏమన్నా మిగిలిందా? చెప్పవే," అని అడుగుతుంది. ఆ గీతను మళ్లీ మళ్లీ తెరిచి చూస్తాను. చూసిన ప్రతిసారీ ఉబ్బు కాస్త పెద్దదైనట్టు అనిపిస్తుంది. నాకు భయం వేస్తోంది.

చదువుతున్న మీరు నాతోపాటు చేతులు చాచి దుఆ చేయండి. అది గంధకం కావాలని వద్దు. లేనిది నా కంటికి కనబడకూడదని, ఉన్నదాన్ని ఉన్నట్టు రాసే ధైర్యం నాకివ్వమని, అమ్మ గుండె బరువు దించమని అడగండి. ఆమీన్.