నిండు రేక

అక్షరాలు రాక రాయలేకపోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అందులో సగమే నిజం. మా రోజుల్లో తొగుట వైపు ఊళ్లలో ఆడపిల్లకు పలక కొనిచ్చే ఇల్లు లేదు. అరవై దాటాక, బడి వసారాలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెబుతున్నారంటే కోడలికి తోడుగా వెళ్లి, ఊరికే కూర్చోవడమెందుకని నేనూ పలక పట్టాను. పేరు రాయడం వచ్చిన వారంలోనే తమ్ముడి పేరు రాసి, వెంటనే తడిచేత్తో తుడిచేశాను. అప్పటికి మా అమ్మ ఇంకా మంచంలో ఉంది. ఆమెకు చదవడం రాదు, పలక ఎదురుగా పెట్టినా ఏమీ తెలిసేది కాదు, అయినా తుడిచేశాను. ఆమె పోయాక కూడా ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మొన్న ఆదివారం సిద్దిపేటలో చదువుకుంటున్న మునిమనుమరాలు గజ్వేల్ పక్కన మేముండే కాలనీకి వచ్చింది. కాలేజీలో పోటీ ఉందట. మందు తాగడానికి ఇప్పుడున్న ఇరవై ఒక్క ఏళ్ల వయసును పద్దెనిమిదికి తగ్గించాలా వద్దా అనేది విషయం. తగ్గించాలనే వైపు మాట్లాడాలని, నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి నా ముందు చదివింది. ఓటు వేయొచ్చు, బండి నడపొచ్చు, పెళ్లి కూడా చేసుకోవచ్చు, ఇదొక్కటి ఎందుకు వద్దని చేతులు తిప్పుతూ అడిగింది. బాగా మాట్లాడుతుంది పిల్ల. అయిపోయాక నా పక్కన చేరి, "మీ కాలంల ఎన్నేండ్లకు తాగనిస్తుండిరి తాతమ్మా?" అంది. "మా కాలంల ఏండ్లు ఎవలు లెక్కవెట్టిన్రే," అన్నాను. అది నవ్వుకుంటూ లేచిపోయింది. నేను దాని నోటుబుక్కులో నాలుగు కాగితాలు అడిగి తీసుకున్నాను.

నిజంగానే మా ఇంట్లో ఎవరికీ ఎన్నేళ్లో తెలియదు. తమ్ముడు బావి లోతు తవ్వించిన ఏడు పుట్టాడని అమ్మ అనేది. ఆ లెక్కన చూస్తే, రజాకార్ల భయం ఇంకా ఊళ్లకు రాని ఆ యాసంగి నాటికి వాడికి పదకొండో, పన్నెండో ఉంటాయి. నేను వాడికంటే రెండేళ్లు పెద్ద. నా తరం వాళ్లకు చెప్పనక్కర లేదు, కల్లు అప్పట్లో దాచుకుని తాగేది కాదు. కడుపు చలువకని చంటిపిల్లలకు కూడా పొద్దుటి కల్లు వేలితో నాకించేవాళ్లు. కానీ మగవాళ్ల వరుసలో కూర్చుని, తాటాకుతో మడిచిన రేక పట్టుకుని తాగడం వేరు. దానికి మా వైపు ఒక పద్ధతి ఉండేది. పిల్లవాడు పొద్దు పొడిచింది మొదలు మధ్యాహ్నం వరకు ఇంకొకరి చేయి తగలకుండా మోట తోలితే, ఆ పూట మేనమామ తన చేత్తో రేక మడిచి వాడికి సగం పోసేవాడు. పంటంతా తోలి, గింజ ఇంటికి చేరాకే నిండు రేక. అంతవరకు పెద్దవాళ్ల వరుసలో సగం రేకవాడే.

మోట చూడనివాళ్లు ఇప్పుడు ఎక్కువ కనుక చెబుతున్నాను. బావి గట్టు నుంచి పల్లానికి బాట ఉంటుంది, ఎడ్లు ఆ బాటన దిగుతుంటే తోలు బొక్కెన నీళ్లతో పైకి వస్తుంది, నీళ్లు కాలువలో పడ్డాక ఎడ్లను అలాగే వెనక్కి నడిపించుకుంటూ, తానూ వెనక్కి అడుగులు వేస్తూ గట్టు దగ్గరకు తేవాలి. దిగేటప్పుడు తోలేవాడు బొక్కెనను లాగే మోకు మీద కూర్చుంటే ఆ బరువు ఎడ్లకు సాయం. తమ్ముడు ఎంత బక్కవాడంటే, వాడు మోకు మీద కూర్చున్నా ఎడ్లకు తెలిసేది కాదు. మామ గట్టు మీద నుంచి, "ఏం రా అల్లుడా, ఎడ్లను నువ్వు తోలుతున్నవా, నిన్ను ఎడ్లు తోలుతున్నయా?" అని ఎగతాళి చేస్తుంటే వాడు పళ్లు బిగించి ఇంకా గట్టిగా పాట ఎత్తుకునేవాడు. మామ మా అమ్మకు తమ్ముడు, పక్క ఊరి వాడే అయినా మా బావి దగ్గరే ఎక్కువగా ఉండేవాడు. తమ్ముడికి మోట నేర్పింది ఆయనే.

ఆ రోజు మధ్యాహ్నం వరకు వాడు ఒక్కడే తోలాడు. నేను అంబలి తీసుకెళ్లేసరికి గౌండ్లాయన తెచ్చిన కల్లు కుండ చింతచెట్టు నీడన ఉంది. మామ రేక మడిచి, ఆనవాయితీ ప్రకారం సగం పోసి ఇచ్చి, వాడి తల మీద చేయి వేశాడు. బాపు దూరంగా పొలంలో నీళ్లు పారగడుతూ అక్కడి నుంచే చూసి నవ్వాడు. ఇక ఈ పూటకు చాలు, పొద్దు వాలాక నేను తోలతానని చెప్పి మామ తుండు పరుచుకుని నిద్రపోయాడు.

తమ్ముడు నా దగ్గరకు వచ్చి ఖాళీ రేక చాపాడు. "అక్కా, నిండ పొయ్యవే. పక్క బాయికాడి పోరగాండ్లు నన్ను సగం రేకోడంటరు." వద్దనడానికి నా దగ్గర ఏ మాటా లేదు. వాడు పూటంతా తోలినవాడు, పొలానికి నీళ్లు తెచ్చినవాడు, నా కళ్లకు కూడా ఆ పూట పెద్దవాడిగానే కనబడ్డాడు. ఎండకు పులిసి నురగ కట్టిన కల్లు నిండా పోశాను. తాగి మళ్లీ చాపాడు. మళ్లీ పోశాను. ఇద్దరం మామను చూసి నోళ్లు మూసుకుని నవ్వుకున్నాం. "మామ లేసేసరికి పది బొక్కెన్లు తోడేస్త సూడు," అని వాడు ఎడ్లను కట్టాడు. నేను గిన్నెలు కడగడానికి కాలువ దగ్గరకు వెళ్లాను. పాట వినిపిస్తూనే ఉంది. మూడోసారో నాలుగోసారో ఎడ్లు వెనక్కి వచ్చేటప్పుడు పాట మధ్యలో ఆగిపోయింది.

ఎడ్లు ఎప్పటిలాగే గట్టుకు నాలుగు అడుగుల ఇవతల ఆగాయి. వాడు ఆగలేదు. ఎండలకు నీళ్లు తగ్గి, రాళ్లు తేలిన బావి అది.

దూకి తీసింది మామే. కబురు విని కలుపు దగ్గర నుంచి పరుగెత్తి వచ్చిన అమ్మ, వాడి నోటి దగ్గర వాసన చూసి, మామ వైపు తలెత్తి, "ఎంత పోసినవురా?" అని అడిగింది. మామ కుండ వైపు చూశాడు. తాను పోసిన సగం రేకకు కుండ అంత తగ్గదని ఆయనకు తెలుసు. తర్వాత నన్ను చూశాడు. నేను తల వంచుకున్నాను. "నిండనే పోసిన అక్కా. రెండు సార్లు పోసిన," అన్నాడు మామ అమ్మతో.

అమ్మ ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. నా పెళ్లిలో మేనమామ ఎత్తుకుని పందిట్లోకి తేవలసిన నన్ను దూరపు చుట్టం ఒకాయన ఎత్తుకున్నాడు. మామ ఊరి బయట నిలబడి చూసి వెళ్లాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆయన పోయినప్పుడు కూడా అమ్మ వెళ్లలేదు, నేను వెళ్లాను, అప్పటికి చెప్పి లాభం లేని మాట ఆయన కాళ్ల దగ్గర కూర్చుని గొణిగాను.

పిల్ల తన పోటీలో గెలవాలనే నా కోరిక. కానీ నన్నడిగితే ఆ ఇరవై ఒకటిని అలాగే ఉంచమంటాను. ఆ అంకె తాగేవాడిని ఆపుతుందని నేను అనుకోవడం లేదు. పోసే చేతికి అది కావాలి. నీకింకా అన్నేళ్లు రాలేదు తమ్మీ, ఇది నా మాట కాదు సర్కారు మాట, అని ఆ రోజు అనగలిగితే వాడు అలిగి ఎడ్ల పక్కన పడుకునేవాడు, సాయంత్రానికి మరిచిపోయేవాడు. ప్రేమగా కాదనడానికి నాకు ఎవరూ ఒక సాకు ఇవ్వలేదు. ఇప్పుడు పిల్లలకు పుట్టిన తేదీ ఉంది, గంట కూడా రాసి ఉంటుంది. మా బావి, చింతచెట్టు, మోట బాట మొత్తం ఊరితో పాటు మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉన్నాయి. కట్ట మీద నిలబడి, ఎక్కడో అక్కడ అని చేయి చూపడం తప్ప జాగ కూడా గుర్తుపట్టలేను.

మనిషి పోయిన బావిలోని పాత నీళ్లన్నీ తోడి పారబోయనిదే, కొత్త ఊట నీళ్లు పొలానికి పెట్టకూడదని మా వైపు నియమం. అప్పటికి వరి పొట్ట మీద ఉంది, రెండు రోజులు ఆగితే తాలే మిగులుతుంది. తమ్ముడిని ఆ సాయంత్రమే మట్టి చేశారు. తెల్లవారగానే మామ మోకు భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. అమ్మ అడ్డంగా నిలబడి, "ఈ గడప తొక్కకు," అంది. ఆయన తిరిగి వెళ్లిపోయాడు. గల్లీ చివరి వరకు ఆయన వీపు నాకు కనబడుతూనే ఉంది. ఒక్క మాటతో వెనక్కి పిలవగలిగిన దాన్ని. బాపు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను కొట్టంలోకి వెళ్లి ఎడ్లను విప్పి, బావి దగ్గరకు తోలుకెళ్లి కట్టాను. చింతచెట్టు కింద వాడి రేక ఎండి, మడతలు విచ్చుకుని ఉత్త ఆకులా పడి ఉంది. నోరు తెరిచి ఎడ్లను అదిలించాను. అవి ఆగిన చోటే నేనూ ఆగుతూ, ఆ నీళ్లను పొలానికి కాకుండా బంజరు వైపు పారబోస్తూ, మధ్యాహ్నానికి బావి అడుగు కనబడేవరకు తోడాను.