మిగతా మూడు మార్కులు

గుడియాత్తంలో నాది సెకండ్స్ లుంగీల కొట్టు. నేతలో ఒక పోగు జారినా, అంచు దగ్గర రంగు కాస్త అలుక్కుపోయినా, ఆ లుంగీ పెద్ద షాపుల గడప తొక్కదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి పడుతుంది. వాటిని కొనడానికి అణైకట్ వైపు నుంచి వచ్చే రైతులకి ఒక పద్ధతి ఉంది. లుంగీని రెండు చేతులా పట్టుకుని సూర్యుడికి అడ్డంగా ఎత్తుతారు. ఆ కాసేపు బజారుకి గ్రహణం పడుతుంది, కాకులు గూళ్ళకి బయలుదేరతాయి. లోపం దొరికిందా, తప్పిపోయిన ఎద్దు దొరికినంత సంబరంగా కట్టించుకుని పోతారు. దొరకలేదా, అనుమానం మొదలు.

“ఏమప్పా, దీంట్లో డ్యామేజీ యాడ ఉండాది?”

“చిన్నదిలే పెద్దాయనా, కట్టుకుంటే కనపడదు.”

“కనపడకపోతే నాకెట్లా తెలస్తాది? ముందు చూపీ, అప్పురం మాట్లాడదాం.”

మధ్యాహ్నాలు బేరాలు ఉండవు. అప్పుడు గల్లాపెట్టె వెనక కూర్చుని వీడియో గేములు ఆడతాను. ఆడినవాటి మీద తీర్పులు రాస్తాను. ఇంటర్నెట్టులో ఒక చిన్న తెలుగు పత్రిక వాటిని వేస్తుంది. గొప్ప ఆటలన్నీ సంపాదకుడే ఉంచుకుంటాడు. చెత్త ఆటల కోసం మిగతా రచయితలు జుట్లు పట్టుకుంటారు, తిట్టడంలో ఉన్న సుఖం అలాంటిది. అటూ ఇటూ కానివి నా వాటాకి వస్తాయి. నేను పగలు ఏం అమ్ముతానో సంపాదకుడికి ఎప్పుడూ చెప్పలేదు. వాసన బట్టి కనిపెట్టాడేమో.

ఒక ఆటలో రాక్షసుడు ఎంత భయంకరంగా ఉంటాడంటే, వాణ్ణి ఒక్కసారి చూసి మా కొట్టు పిల్లి ఎలుకల్ని వదిలేసి భక్తిలో పడింది. కానీ వాడు ఏ తలుపు దగ్గరికి వచ్చినా కొమ్ములు ఇరుక్కుని అక్కడే నిలబడిపోతాడు. మనం నిదానంగా వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. ఇంకో ఆటలో హంతకుణ్ణి కనిపెట్టాలి. ఊరంతటిలో కనురెప్పలకి వెంట్రుకలు గీసింది ఒక్కడికే కాబట్టి, వాడు నోరు తెరవకముందే తెలిసిపోతుంది. అయినా ఆ ఊళ్ళో కురిసే వాన కోసం చివరిదాకా ఆడాను.

నాకు ఎన్నాళ్ళుగానో అంతుపట్టని సంగతి ఇదే. ఏ లోపమూ లేని ఆటని వారం తిరక్కుండా మరిచిపోతాను. కొమ్ములు ఇరుక్కున్న ఆ రాక్షసుడు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తాడు, పాపం విడిపించుకున్నాడో లేదో అనిపిస్తుంది. ఎందుకలా? పైగా ఇలాంటి ఆటలన్నిటికీ లోకమంతా కలిసి ఇచ్చే తీర్పు ఒక్కటే, పదికి ఏడు. పెళ్ళి భోజనంలో సాంబారు లాంటిదది. దాన్ని ఎవరూ పొగడరు, అది లేకపోతే ఎవరూ ఊరుకోరు. నేను పంచిపెట్టిన ఏడులన్నీ వరసగా పేరిస్తే వేలూరు కోట చుట్టూ ఇంకో ప్రహరీ లేచేది.

పోయిన వానాకాలం ఒక శనివారం, మా ఆవిడ చెల్లెలు వేలూరు నుంచి ఫోన్ చేసింది. నా ఈ మరదలు కొన్నేళ్ళుగా ఉద్యోగం మానేసి, ఇంట్లో కూర్చుని ఒక్కతే ఒక గేము తయారుచేస్తోంది.

“బావా, చెన్నైలో ఒక కంపెనీ వాళ్ళు పనికి రమ్మంటా ఉండారు. సోమవారం లోపల చెప్పాల. వాళ్ళ దాంట్లో చేరితే నా సొంత గేము బయటికి యిడవకూడదంట. నువ్వొచ్చి ఆడి చూడు. బాగుంటే వాళ్ళకి రానని చెప్పేస్తా. లేదంటే దీన్ని మూటగట్టి అటక మీద పారేసి బండెక్కుతా.”

“అత్త ఏమంటా ఉండాది?”

“సూపర్ అనింది. సెల్లో పాలు పొంగే వీడియో చూపించినా అమ్మ సూపర్ అనే అంటాది. సుమ్మా ఊరికే పొగిడేది నాకొద్దు బావా. బయటోళ్ళ గేముకి చెప్పినట్ట చెప్పు.”

ఒక మనిషి ఇన్నేళ్ళ పనిని తెచ్చి నా నాలుక మీద పెట్టేసరికి, నాలుక బరువు మణుగు పెరిగింది. ఆ పూట సరిగ్గా భోంచేయలేకపోయాను. మూడోసారి వడ్డించుకున్నాక చాలన్నాను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. లత్తేరి రాకముందే పక్క సీటు పెద్దమ్మ నా ఊరూ, వ్యాపారమూ, షుగరు మాత్ర సైజూ రాబట్టింది. కాట్పాడి చేరేసరికి మరదలి ఉద్యోగం సంగతి బస్సంతా చర్చకు వచ్చింది. ముందు సీట్లవాళ్ళు చేరిపొమ్మన్నారు. వెనక సీట్లవాళ్ళు వద్దన్నారు. కండక్టరు ఎటూ తేల్చక ఈల వేశాడు.

మరదలి మొగుడు ఆదివారమూ డ్యూటీకి పోయాడు. ఇంట్లో కంప్యూటరు ముందు నాకు కుర్చీ వేసి ఉంది. పక్కనే ఇంకో కుర్చీలో మా అత్త, ఆవిడ ఉండేది ఈ చిన్న కూతురి దగ్గరే. అత్త తెలుగు కుంభవృష్టిలా మాట్లాడుతుంది గానీ తెలుగు అక్షరాలు రావు. నా తీర్పులు ఒక్కటీ చదవలేదు కాబట్టి నా మీద గౌరవం ఇంకా మిగిలే ఉంది.

ఆటలో మనం వేలూరు నుంచి గుడియాత్తం పోయే బస్సుకి కండక్టరు. నిలువునా కిక్కిరిసిన జనంలో దూరి, తర్వాతి స్టాపు వచ్చేలోగా కొత్తగా ఎక్కినవాళ్ళని గుర్తుపట్టి టికెట్టు ఇవ్వాలి, దిగేవాళ్ళని దించాలి, ఈల వేసి బండి కదిలించాలి. చెప్పుకుంటే ఇంతే. కానీ చిరిగిన రెక్సిన్ సీట్లోంచి స్పాంజి తొంగిచూస్తుంటే నా వేలు దాన్ని పీకడానికి తెరమీదికి పోయింది. బ్రేకు పడితే జనమంతా వరిచేనులా ఒక్కసారిగా ముందుకి వాలి మళ్ళీ లేస్తారు. కె.వి.కుప్పం దాటాక వాన మొదలైంది. కిటికీ షట్టర్లు ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటే టపటపా పడ్డాయి. నేను అసంకల్పితంగా చొక్కా తడుముకున్నాను. రెండు చేతులకీ తీరిక లేదని అత్త నా నోట్లో ఇడ్లీ పెట్టింది. ఇడ్లీల వేళ దాటి సాంబారన్నం వేళ వచ్చింది, అదీ అలాగే లోపలికి పోయింది.

చివరికి ఆట ఆపి గొంతు సవరించుకున్నాను.

“పదికి ఏడు.”

మరదలు చున్నీ కొంగుతో కీబోర్డు తుడవడం మొదలుపెట్టింది. దుమ్ము లేని కీబోర్డు అది.

అత్త మాత్రం సాంబారు గరిటెతో లేచి నిలబడింది. “పదికి ఏడా? మిగతా మూడు యాడ పోయినాయి నాయనా?”

“యాడికీ పోలేదత్తా, కోసినా.”

“కోస్తే యాడన్నా కనపడాల గదా. చూపీ.”

“మార్కులు అట్ల చూపించేవి కావత్తా…”

“నీ కొట్లో లుంగీ చూపీకుండా అమ్ముతావా? నా బిడ్డ దాంట్లో చూపీకుండా కోస్తావా? కోసినోడు చూపీయాల. ఊఁ, ఒకటోది?”

ఇంతకాలం నా ఏడుని ఇలా నిలదీసిన పాఠకుడు లేడు. మళ్ళీ ఆట తెరిచాను. కాట్పాడిలో ఒక ముసలాయన దిగాడు. ఆయన కూరగాయల సంచి బస్సులోంచి తనంతట తాను లేచి, గాల్లో తేలుతూ, పెంపుడు గద్దలా ఆయన వెనకాలే పోయింది.

“ఇది ఒకటోది.”

“తెలుసు బావా, సరిచేసేస్తా,” అంది మరదలు.

“ఈల వేస్తే బస్సు వెంటనే కదలదు. ప్రయాణికులు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేంత సేపు ఆగుతాది. వేగంగా ఆడే ఆటకి అది కాళ్ళు పట్టుకుని లాగినట్టు ఉండాది. ఇది రెండోది.”

దీనికి ఆమె కొంచెం వాదించింది, నా వేలు మందమేమో అంది. తనే నాలుగుసార్లు ఈల వేసి చూసి ఒప్పుకుంది.

“మూడోది?” అంది అత్త.

ఏదో తక్కువైందని ఒళ్ళంతా చెబుతోంది, అదేమిటో మాత్రం తెలియడం లేదు. లేక ముందు ఏడు వేసేసి, తర్వాత మూడు వెతుక్కోవడం నాకు అలవాటైపోయిందా?

“మూడోది నువ్వే మింగేసినావా నాయనా, ఇడ్లీతో బాటు?”

“యాడికీ పోవద్దు బావా,” మరదలు తలుపు గడియ పెట్టినంత పని చేసింది. “మూడోది దొరికేదాకా ఆడు. నాకది తెలియాల. రేపు నేను చెప్పేది దాని మీదనే ఉండాది.”

ఈసారి లోపాలు వెతకడం మానేసి, ఊరికే బస్సులో ఉన్నాను. టికెట్లు ఇచ్చాను. వాన చూశాను. పొన్నై వైపు నుంచి వచ్చినట్టున్న ఆడవాళ్ళు పూలబుట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అంతమంది మధ్య నిలబడి, నాకు ఉన్నట్టుండి ఒంటరిగా అనిపించింది. అప్పుడు పట్టుకున్నాను.

“ఎవురూ మాట్లాడరే!”

ఇంజను మోత ఉంది, షట్టర్ల చప్పుడు ఉంది, గతుకుల్లో కడ్డీలు కిర్రుమనడం ఉంది. మనిషి గొంతు ఒక్కటి లేదు. కనిపెట్టిన గర్వంతో నేను ఉపన్యాసం అందుకున్నాను. మన బస్సుకి డీజిలు లేకపోయినా నడుస్తుంది గానీ మాటల్లేకపోతే నడవదన్నాను. అత్త వెంటనే నా పార్టీలోకి దూకింది.

“అవునే! నోరు లేని బస్సు యాడన్నా ఉంటాదా? అది శవాల బండి గదే!”

“అత్తని ఒక్క పూట రికార్డు చేసుకో. వంద బస్సులకి సరిపడా మాటలొస్తాయి, మిగిలితే రైలుకి పెట్టొచ్చు.”

మరదలు నవ్వలేదు.

“అది మర్చిపోయింది కాదు బావా. కావాలనే పెట్టలే.”

నేను నా ఉపన్యాసం మడిచి పెట్టుకున్నాను.

“కాలేజీకి, అప్పురం పనికి, ఆ బస్సులోనే గదా ఏండ్ల తరబడి పోయొస్తి. ఎక్కగానే మొదలు. పెండ్లెప్పుడు? పెండ్లయినాక, ఇంకా ఏం లేదా? డాక్టరుకి చూపించినారా? ఆ గుడికి పో, ఈ కషాయం తాగు. అందురూ మంచోళ్ళే. కానీ కిటికీ బయట అంత వాన పడతా ఉంటే ఒక్కనాడు నిమ్మళంగా చూడలే. నన్ను ఎవురూ ఏమీ అడక్కుండా ఒక్కతూరి గుడియాత్తం దాకా పోవాలని ఉండె. దానికే ఇది చేసినా.”

అత్త చేతిలోని గరిటెని అటూ ఇటూ తిప్పింది. “నేను గూడా అడిగితినా?”

“నువ్వు బస్సెక్కకుండానే అడుగుతా ఉంటివి గదమ్మా.”

అత్త నా వైపు తిరిగి, “సరే, ఇంకోతూరి ఆ వాన కాడికి పోనీ నాయనా,” అంది.

కె.వి.కుప్పం నుంచి మళ్ళీ పోనిచ్చాను. ముగ్గురం మాట్లాడకుండా చూశాం. మా అత్త నోరు అంతసేపు మూతపడి ఉండటం నా పెళ్ళి తర్వాత అదే మొదటిసారి. షట్టర్లు పడ్డాయి. ఒక్క కిటికీకి మాత్రం షట్టరు పడలేదు, దాని పక్కన ఎవరూ లేరు. అది ఎవరి సీటో ఇప్పుడు తెలిసింది. తెలిశాక ఆ వాన ఇంకా బాగుంది. అయినా, ఎంత విచిత్రం, నాకు మాటల్లేని లోటు తీరలేదు. కారణం అర్థమైనంత మాత్రాన లోటు ఎందుకు పోదు? లేక ఒకరికి లోపమైనది ఇంకొకరికి ఆటే కావచ్చునా, రెండూ ఒకే చోట ఉండవచ్చునా?

నాకు తోచింది అలాగే చెప్పాను. “ఎందుకు చేసినావో తెలిసింది. తెలిసినా నాకు ఆ బస్సులో మాటలు కావాలనే ఉండాది. ఆ మార్కు తిరిగియ్యలేనమ్మా.”

గరిటె నా వైపు వస్తుందేమోనని కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను.

“ఇయ్యొద్దు,” అంది మరదలు. “అది నాకు అక్కర్లేదు. మిగతా రెండూ నేనే తెచ్చుకుంటా.”

నన్ను లేపి, తను ఆ కుర్చీలో కూర్చుని టకటకా ఏదో టైపు చేసింది. సోమవారం దాకా ఆగలేదు.

“ఏం రాసినావే?” అంది అత్త.

“రానని రాసినా.”

అత్త నిట్టూర్చబోయి మధ్యలో మానుకుంది. “పోనీలే. ఆ ఊరి నీళ్ళు నీకు పడవు,” అంటూ కాఫీ కలపడానికి లోపలికి పోయింది.

సంచుల్నీ ఈలనీ బాగుచేసి, దీపావళి దాటాక మరదలు ఆటని బయటికి వదిలింది. నేను తీర్పు రాశాను. బంధుత్వం దాచకుండా మొదటి వాక్యంలోనే చెప్పి, తొమ్మిది వేసి, కోసిన ఒక్కటీ ఎందుకు కోశానో రాశాను. సంపాదకుడు నా ఖాతా ఎవరో దొంగిలించారనుకుని ఫోన్ చేశాడు. ఆట కొన్నవాళ్ళు మరీ ఎక్కువమంది లేరు, తక్కువా లేరు. అదీ ఏడే అనుకోండి.

మొన్న మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది. యాడనో ముక్కూ మొహం తెలియని ఒకాయన గేము కింద రాసినాడు బావా, అంది. ఆట పరవాలేదు, టికెట్లు ఇచ్చేది కొన్నాళ్ళకి విసుగు పుడుతుంది, బస్సులో ఒక్కరూ మాట్లాడరు, అయినా పనయినాక రోజూ ఒక ట్రిప్పు పోయొస్తున్నాను, ఎందుకో తెలియదు అని రాశాడట.

“ఎందుకో నువ్వు జవాబు రాయొచ్చు గదా,” అన్నాను. “ఎవురు, ఏ ఊరు, ఏం పని చేస్తాడు, కనుక్కో.”

“నీకు బస్సు బుద్ధి పోదు బావా,” అంది. “ఆయన్ని ఏమీ అడగొద్దు. అట్లే కూర్చోనీ.”