నేను కొట్టేసిన ఎస్

నా తెలుగు అంతంతమాత్రం. ముప్పై దాటాక రాత్రిబడిలో చదువు మొదలుపెట్టి డిగ్రీ పట్టా పుచ్చుకున్నవాణ్ణి. తప్పులుంటే పాఠకులు మన్నించాలి. నాకు అక్షరాలనూ, ఆ తర్వాత కంప్యూటరునూ నేర్పిన మా సారు పోయిన మంగళవారం భద్రాచలం దవాఖానాలో కన్నుమూశారు. సమాధుల తోటకు పదకొండు మందిమి వెళ్లాము. రావలసిన ఒకామె రాలేదు. ఆమె రాకపోవడానికి కారణం నేను.

సారు చాక్‌పీసును గోరంత అయ్యేదాకా పారేసేవారు కాదు. నేను డిగ్రీ పాసైన నాటి నుంచి "ఏమయ్యా గ్రాడ్యుయేటూ" అనే పిలిచేవారు. అందులో వెటకారమెంతో, ప్రేమ ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

అడవి ఊళ్లవారి ఫిర్యాదుల కోసం మా చిన్న సంఘానికి ఆయనే వెబ్‌సైటు తయారుచేశారు. రాసినది దారిలో ఎవరూ చదవకుండా దానికి తాళం వంటి రక్షణ పెట్టించారు. చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీ తర్వాత ఒక ఎస్ ఉంటే తాళం ఉన్నట్టు. లేకపోతే అదే పేజీ తాళం లేకుండా తెరుచుకునేది. ఆ చిరునామా రాసి దుమ్ముగూడెం ఇంటర్నెట్ సెంటరులో అతికించే నోటీసును సరిచూసే పని నాకు అప్పగించారు. నేను శ్రద్ధగా సరిచూసి, ఆ ఎస్ కొట్టేశాను.

వారం తిరగకముందే, తన బిడ్డను బీడీల తునికాకు ఆరబెట్టే కల్లం దగ్గర గుత్తేదారు మనిషి చెయ్యి పట్టి లాగాడని ఒక తల్లి, తమ ఊరి అంగన్‌వాడీ టీచరు చేత ఆ సెంటరులో ఫిర్యాదు రాయించింది. టీచరు నోటీసులో ఉన్నట్టే చిరునామా కొట్టింది. సెంటరు ఇంటర్నెట్ అంతా యజమాని కంప్యూటరు గుండానే పోతుంది; తాళం లేదు గనుక అతడు కూర్చున్నచోటే అదంతా చదివాడు. అతడు గుత్తేదారుకు చుట్టం. మూడో రోజు ఆ తల్లి గుడిసె కాలిపోయింది.

సారు నోటీసును సంఘం ఆఫీసుకు తెప్పించి చూశారు.

"ఈ ఎస్ ఏమైందయ్యా గ్రాడ్యుయేటూ?"

"సైటు ఒక్కటే గద సార్. ఎస్ పెడితే బహువచనమని మీరే చెప్పిండ్రు. తప్పనుకొని కొట్టేసిన."

ఆయన నవ్వలేదు. అప్పుడే ఆ తల్లి గుమ్మంలోకి వచ్చింది.

"సారూ, నా పేరు ఎవ్వలకు తెల్వదంటివి గద! గుడిసె పాయె. నా బిడ్డ బయటికొస్తలేదు. ఎవలు చెప్పిండ్రు నా పేరు?"

నేను నోరు తెరవలేదు.

"తప్పు నాదేనమ్మా," అన్నారు సారు.

"నీ మొకం మల్ల సూడ," అని ఆమె వెళ్లిపోయింది. ఆ కుటుంబం ఊరు విడిచి చండ్రుగొండ వైపు మిరప కూలికి పోయింది.

ఆ మధ్యాహ్నమే సారు సైటులో ఒక ఏర్పాటు చేశారు. ఎస్ లేకుండా కొట్టినా అది తాళమున్న చిరునామాకే మళ్లిస్తుంది.

"ఇది మొదలే చెయ్యాల్సింది. నోటీసును నమ్ముకున్న. మనిషన్నంక తప్పు కొడ్తడు. తిడితే ఏమొస్తది? సరైన తలుపు కాడికి మళ్లియ్యాలె."

"ఆమెకు నిజం నేను చెప్త సార్."

"చెప్పు."

రెండేళ్లయినా చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. ఆ నింద మోస్తూనే పోయారు.

నిన్న ఆయన బల్ల దగ్గర కూర్చుని, ఎస్ లేకుండా ఆ చిరునామా కొట్టాను. తెర ఒక్క క్షణం తెల్లబడింది. తర్వాత ఆ ఎస్ దానంతటదే వచ్చి నిలబడింది.

నేను రాసిన దీన్ని మొదట సంఘం సభ్యులు చదవాలి. తర్వాత అంగన్‌వాడీ టీచరు చదవాలి. ఆ తల్లికి చదువు రాదు. చండ్రుగొండ వెళ్లి ఆమెకూ, ఆమె బిడ్డకూ నేనే చదివి వినిపిస్తాను. టీచరమ్మ నా పక్కన కూర్చుని, ఒక్క అక్షరమైనా నేను కొట్టేయకుండా చూడాలి.