అత్తగారి రబ్బరు గాజులు

విమానాలు బాగుచేసే షెడ్డులో ఆమెను అందరూ అత్తగారనే పిలుస్తారు. కోడలూ లేదు, అల్లుడూ లేడు. ఇంజను కనబడితే వంక వెతకందే వదలదు, అందుకని ఆ పేరు. ఇంట్లోనూ అంతే. గ్యాసు పైపు బీటలు వారకముందే మార్చేస్తుంది, కుళాయి కారకముందే వాషరు మార్చేస్తుంది. "మా ఇంట్లో పాతబడే హక్కు నా ఒక్కడికే ఉంది," అంటాడు ఆమె మొగుడు. విమానాలకు ఇంధనం పోసే బండి అతనే నడుపుతాడు.

ఆ రోజు ఆమె ఓ చిన్న విమానం ఇంజనులో, నూనె గొట్టాలు కలిసేచోట అరిగిన రబ్బరు సీళ్లు మారుస్తోంది. అవి గట్టిపడితే నూనె చెమరుస్తుంది. ఆ చెమ్మ కాలే పొగగొట్టం మీద పడిందంటే ఆకాశంలో మంటే. దూకి పారిపోవడానికి అక్కడ వీధి ఉండదు. పాత సీలు తీసినప్పుడల్లా గాజులా ఎడమ చేతికి తొడుక్కోవడం ఆమె అలవాటు. మళ్లీ ఎవరూ వాడకుండా ఆఖర్న అన్నిటినీ కత్తిరించి పారేస్తుంది.

అన్నీ బిగించి కత్తెర తీసింది. కొత్తవి ఆరు వేసింది. చేతికి ఐదే ఉన్నాయి.

నేలంతా వెతికింది, గుడ్డలు దులిపింది. ఇంతలో పైలట్ గడియారం చూసుకుంటూ వచ్చాడు. ప్రయాణికులు బయట ఎండలో నిలబడి ఉన్నారు.

"రబ్బరు ముక్క కోసం ఇంత రాద్ధాంతమా అత్తగారూ? ఎక్కడికో దొర్లిపోయుంటుంది."

"దొర్లితే మంచిదే నాయనా. లోపలే ఉండిపోతేనో? పాతదాని మీద కొత్తది కుదురుగా కూర్చోదు. నువ్వు పైకెళ్లాక జారుతుంది."

"మళ్లీ విప్పితే ఆలస్యం నా నెత్తిన పడుతుంది."

"నా పేరు చెప్పు. ఎలాగూ అదే చెబుతావుగా."

విమానం ఎగిరితే పైలట్ గొప్ప, ఎగరకపోతే మెకానిక్ తప్పు. లోకం ఈ వాటాలు ఎప్పుడో వేసేసింది. ఆమె ఒక్కొక్క గొట్టమే విప్పింది. కంటికి ఆనని అడుగు గొట్టం దగ్గర, కొత్త సీలు కింద, పాతది అణిగి ఇనుములో ఇనుమై పడుకుని ఉంది. దాని మీద కొత్తది పెట్టింది తన చేతులే.

గుప్పిట మూసేస్తే ఎవరికీ తెలియదు. మూయలేదు. పైలట్ ముందు అరచెయ్యి చాపింది.

"నా తప్పే."

పైలట్ ఆ నల్లటి రింగును చూశాడు. "నింపాదిగా కానివ్వండి అత్తగారూ. వాళ్లను నేను నీడకు తీసుకెళ్తాను," అని వెళ్లాడు.

బండి దిగి వచ్చిన మొగుడు ఊరుకుంటాడా? "ఇవాళ్టికి అత్తగారికే అత్త దొరికింది!"

ఆమె పాతవన్నీ కత్తిరించింది. ఇప్పుడే విప్పిన కొత్తవీ కత్తిరించడం మొదలుపెట్టింది.

"అయ్యో, అవి కొత్తవే కదే!"

"ఒకసారి నలిగాయి. ఇక పనికిరావు."

"మరి నేనో? పెళ్లయినప్పట్నుంచీ నలుగుతూనే ఉన్నాను."

"మిమ్మల్ని మాత్రం కారేదాకా ఉంచుకుంటాలెండి. ముందా కొత్త ప్యాకెట్టు ఇలా ఇవ్వండి."