తునికాకు కత్తెరతో కోసిన రామెన్

మా మేనత్త పోయిన సంగతి నాకు బడిలో తెలిసింది. మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. సాంబారు బకెట్ దగ్గర నేనున్నాను. సిరిసిల్ల నుంచి మా అన్న ఫోన్ చేశాడు. "అత్త పోయిందే చెల్లె. పొద్దుగాల మంచినీళ్ళు అడిగింది. గిప్పుడే పోయింది" అన్నాడు. వరుస ఇంకా చాలా ఉంది. ఫోన్ పెట్టేసి చివరి పిల్లవాడి దాకా వడ్డించాను. ఇంటికి పోయి మా బిడ్డకు ఈ మాట ఎట్లా చెప్పాలన్న భయం దుఃఖం కంటే ముందొచ్చింది. నెల దాటింది, ఆ భయం ఎందుకో ఇప్పుడు చెప్పగలను.

మీరు ఆమెను ఎరగరు. ఎరగడానికి ఆమె ఏ పదవిలోనూ లేదు. మా నాన్నకు చెల్లెలు. సిరిసిల్లలో పుట్టింది, కోరుట్లకు కోడలిగా పోయింది, పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయాడు. పిల్లల్లేరు. అప్పటి నుంచి ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. తునికాకును కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. చూపు ఎక్కడున్నా చేతులు ఆగేవి కావు. ఆ పని చేసే ఆడవాళ్ళలో చాలామందికి ఉన్నట్టే ఆమెకూ చిటికెడు తంబాకు దవడలో పెట్టుకునే అలవాటు ఉండేది. మానుకోమని మేమెవరమూ గట్టిగా చెప్పలేదు. చిన్నప్పటి నుంచి అత్త అంటే మాకు ఆ వాసనే.

నిరుడు మా బిడ్డ హైదరాబాద్ హాస్టల్లో ఇంటర్ మధ్యలో ఆపేసి జగిత్యాలలో మా ఇంటికి వచ్చేసింది. అక్కడ ఏం జరిగిందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. వచ్చేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది. పప్పు చేశాను, కోడికూర చేశాను, బతిమాలాను, తిట్టాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఒకసారి కంచం విసిరికొట్టాను కూడా. మా ఆయన దుబాయి నుంచి వీడియో కాల్‌లో "పిల్లను తినుమని చెప్పరాదే" అనేవాడు, అదేదో నాకు తట్టని ఉపాయమైనట్టు. ఆ పిల్ల తినేది ఒక్కటే. షాపుల్లో దొరికే ఎర్రటి కొరియా నూడిల్స్, నాలుక కాలే కారంతో. అదీ రోజు విడిచి రోజు, సగం ప్యాకెట్. డాక్టరమ్మ బరువు చూసి, ఇట్లాగే ఉంటే దవాఖానలో చేర్చి సెలైన్లు ఎక్కించాల్సి వస్తుందని చెప్పింది.

అప్పుడు వచ్చింది అత్త. "నాల్గొద్దులుండి పోత" అంటూ చాట, కత్తెర సంచిలో పెట్టుకుని కోరుట్ల బస్సు దిగింది. రెండో రోజు మా బిడ్డ గిన్నెలోకి తొంగి చూసింది.

"గిదేంది బిడ్డా, గింత ఎర్రగున్నది?"

"రామెన్ అమ్మమ్మా. జపానోళ్ళు, కొరియావోళ్ళు తింటరు."

బిడ్డ ఫోన్‌లో ఒక వీడియో పెట్టి చేతికిచ్చింది, వదిలించుకోవడానికి. అత్త కళ్ళద్దాలు సర్దుకుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. మళ్ళీ పెట్టుమని రెండోసారి చూసింది. తర్వాత తీర్పు చెప్పింది.

"ఓసి, గిది మన బొక్కల సూరువనే గాదె! అండ్ల పిండిపోగులు ఏసిండ్రు, గుడ్డు కోసి పెట్టిండ్రు. గంతే గద. మనింట్ల చేస్కోరాదా?"

మా బిడ్డ నవ్వింది. హాస్టల్ నుంచి వచ్చాక నేను విన్న మొదటి నవ్వు అది. వెక్కిరింపు నవ్వే. అయినా నాకు అదే చాలు.

ఆదివారం మేక ఎముకలు తెప్పించింది. అల్లం, ఉల్లిగడ్డ వేసి పొద్దుటి నుంచి సన్నని మంట మీద మరిగించింది. గోధుమపిండి తడిపి మురుకుల గొట్టంతో ఆ సూరువలోకి ఒత్తింది. అది కాస్తా అంబలైంది. "ప్యాకెట్ తెస్తే రెండు నిమిషాల పని. పొద్దంత గ్యాస్ తగలేసినవ్ గదత్తా" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. "రెండు నిమిషాలల్ల అయ్యేది కడుపుల గూడ రెండు నిమిషాలే ఉంటది" అంది. ఆ అంబలిని తానే రెండు రోజులు పెరుగు కలుపుకుని తిన్నది.

రెండోసారికి మా బిడ్డ కూడా తగులుకుంది. పిండిలో చిటికెడు సోడా ఉప్పు వేయాలనీ, గట్టిగా తడపాలనీ ఎక్కడో చదివి చెప్పింది. అత్త పిండిని పిడికిళ్ళతో గుద్ది గుద్ది పిసికి, తడిబట్ట కప్పి పెట్టింది. పల్చని రొట్టెలు చేసి, బియ్యప్పిండి చల్లి మడతలు పెట్టింది. చాకుతో కోస్తే ఒకటి లావు, ఒకటి సన్నం వచ్చాయి. లేచి పోయి తన తునికాకు కత్తెర తెచ్చింది. "తంబాకు కంపు కొడతదత్తా" అని నేను మొత్తుకుంటే మరిగే నీళ్ళలో వేసి కడిగింది. ఇక కూర్చుని కచకచమని కత్తిరించింది. ఒక్క పోగు తేడా రాలేదు. నలభై ఏళ్ళు ఆకును ఒకే కొలతకు కత్తిరించిన చేయి అది. ఎండుమిరపకాయలు, ఎల్లిపాయలు, నువ్వులు రోట్లో నూరి, పల్లినూనెలో వేయించింది. సూరువ మీద ఆ ఎర్రనూనె పోసి, ఉడికిన గుడ్డు సగానికి కోసి పెట్టింది.

మా బిడ్డ గిన్నె ఖాళీ చేసింది. నేను తలుపు వెనక నిలబడి చూశాను, ఎదురుగా ఉంటే ఆపేస్తుందేమోనని.

"పదికెన్ని మార్కులు బిడ్డా?" అత్త అడిగింది.

"ఆరు. కారం సరిపోలే."

"ఆరంటే పాసే గదనే!"

నాలుగొద్దులు ఎనిమిది నెలలయ్యాయి. రోజు విడిచి రోజు మా ఇంట్లో సూరువ మరిగేది. అత్త రొట్టెలు చేస్తే బిడ్డ కత్తిరించేది. కత్తిరిస్తూ హాస్టల్ సంగతులు చెప్పేది. ర్యాంకు తగ్గినవాళ్ళను వేరే గదిలో కూర్చోబెట్టడం, ఏడిస్తే వినపడకుండా నల్లా విప్పుకోవడం. నాకు చెప్పని మాటలన్నీ పక్కగదిలో నేను వినేదాన్ని. దాచుకోవడం ఎందుకు, నాకు కుళ్ళు పుట్టింది. కన్నది నేను, కడుపులో మాట మాత్రం అత్తకా అని. అదే అత్తతో అంటే, "నువ్వు అడుగుతవ్. నేను అడుగ" అంది. ఆ మాట అర్థమవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మెల్లగా అన్నం కూడా మొదలైంది. ముందు రెండు ముద్దలు, తర్వాత నాలుగు. మార్కులు ఏడయ్యాయి, ఎనిమిదయ్యాయి. కారం కూడా పెరుగుతూ పోయింది.

మాలో వంట దించే ముందు ఉప్పు చూడడమని ఒక పద్ధతి. గరిటెతో చుక్క తీసి అరచేతిలో వేసుకుని నాకుతారు. ఆ పని ఎవరు వండితే వారిది. మా బిడ్డ "నేను చూస్త" అన్నా అత్త ఊరుకునేది కాదు. "వండినోళ్ళు చూడకుంట పెడితే గది పెట్టుడు గాదు, పారేసుడు" అనేది. అరచేతిలో చుక్క వేసుకుని నాలుక మీద పెట్టుకోగానే ఆమె కళ్ళ నుంచి జలజలా నీళ్ళు కారేవి. హా... హా... అంటూ పెరట్లోకి పోయి చల్లటి నీళ్ళు పుక్కిట పట్టి చాలాసేపు నిలబడేది. మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. "ఏందత్తా, కోరుట్లోళ్ళ కారం గింతేనా?" అని నేను ఆటపట్టించేదాన్ని. ఆమె కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "కండ్లల్ల నీళ్ళు రాకపోతే గది కారమెట్లయితదే" అని తానూ నవ్వేది.

మా వైపు అంతే. తిన్నవాళ్ళకు ముక్కు కారితే వంట కుదిరినట్టు. కళ్ళలో నీళ్ళొస్తే ఇంకా మెచ్చుకున్నట్టు. ఇంకో ఊళ్ళో అయితే ఎవరైనా ఒక్కసారి, ఏమైందమ్మా నోరు తెరువు అని అడిగేవారేమో. మేము ఎనిమిది నెలలు నవ్వాము.

ఆమె తాను మాత్రం ఆ రామెన్ ఒక్క గిన్నె కూడా తినలేదు. పెరుగన్నం మెత్తగా పిసుక్కుని తినేది, చాయ్‌లో బిస్కెట్ నానబెట్టుకునేది. పళ్ళు లేవు అనేది. నిజంగానే నాలుగు పళ్ళు లేవు కాబట్టి నేను నమ్మాను. బడిలో ముప్పై మంది పిల్లల్లో ఎవరికి జ్వరమో మొహం చూసి చెప్పేదాన్ని, ఎదురుగా కూర్చున్న మనిషి దవడ చూడలేదు.

ఎండాకాలంలో దవడ వాచింది. పన్ను వాపు అంది. పది రోజులకు మాట ముద్దగా వస్తుంటే బలవంతాన కరీంనగర్ తీసుకుపోయాను. బిడ్డ కూడా వచ్చింది. డాక్టరు లైటు వేసి లోపల చూశాడు. చూసి నా వైపు చూశాడు. అది క్యాన్సరని ఆ చూపులోనే నాకు తెలిసిపోయింది.

"ఈ పుండు ఎన్ని నెలల నుంచి అమ్మా?"

"యాడాది గావట్టె సారు."

"యాడాదా? మరి కారం ఎట్ల తట్టుకున్నవ్?"

అత్త ఒకసారి మా బిడ్డ వైపు చూసింది. "నేను కారం తిననే తిన సారు" అంది.

బిడ్డ బయటికి నడిచింది. తిరుగు బస్సు కొండగట్టులో ఆగినప్పుడు అత్త కిటికీలోంచే గుట్ట వైపు చేతులెత్తి మొక్కింది. అప్పుడు అడిగింది మా బిడ్డ.

"ఎందుకు చెప్పలే అమ్మమ్మా? చుక్క నోట్లె ఏస్కుంటే ఎంత మండిందో."

"చెప్తే నువ్వు తింటుంటివా?"

ముందే చూపించి ఉంటే బతికేదని డాక్టరు అనలేదు, బతకదనీ అనలేదు. ఆ మధ్యన ఎక్కడో నేను రోజూ తిరుగుతుంటాను.

ఆ తర్వాత మా బిడ్డ రామెన్ ముట్టనంది. అత్త ఊరుకోలేదు. పొయ్యి దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేది. "నా నోరు ఎట్లనో మూతవడవట్టె. నీదన్న తెరువు బిడ్డా" అని ఆ ముద్దమాటలతోనే తిట్టేది. పిల్ల ఏడుస్తూ వండేది, ఆమె చూస్తుండగా తినేది. చివరి నెల ఆమె పుట్టిన ఊరికి తీసుకుపొమ్మంది. సిరిసిల్లలో అన్న ఇంట్లో దించి వచ్చాం. మగ్గాల చప్పుడు వింటే నిద్ర పడుతుంది అంది. అక్కడి నుంచే ఆ ఫోన్ వచ్చింది.

బడి నుంచి ఇంటికి పోయి చెప్పాను. మా బిడ్డ ఏడవలేదు. ముందున్న కంచం మెల్లగా పక్కకు నెట్టింది. సిరిసిల్లలో మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. చావు ఇంట్లో ఎవరు తిన్నారో ఎవరు చూస్తారు? నేను చూశాను. గాజులు మళ్ళీ జారుతున్నట్టే అనిపించింది. అత్త పోయిన దుఃఖం కంటే, ఆమె ఎనిమిది నెలలు నోరు కాల్చుకుని తెచ్చిన మనిషి మళ్ళీ వెళ్ళిపోతుందన్న భయమే నాకు ఎక్కువైంది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో వడ్డించి వాగు ఒడ్డున పెడతాం. పక్షి ముడితే వాళ్ళకు అందినట్టు. వదిన వచ్చి నన్ను అడిగింది. "అత్తకు ఏమిష్టముండెనే? ఏం వండాలె?"

నాకు తెలియదు. ఆమె చేతి వంట ఎనిమిది నెలలు తిన్న నాకు, ఆమెకు ఏది ఇష్టమో తెలియదు. సిగ్గుతో తల దించుకున్నాను. కూర, గారెలు అందరికీ పెట్టేవే వండమన్నాను. అప్పుడు మూలన గోడకు ఆనుకున్న మా బిడ్డ లేచి వచ్చి గోధుమపిండి డబ్బా ఎక్కడుందని అడిగింది.

"మూడొద్దులకు గసొంటియి చేస్తరా ఎవలన్న? నలుగురు చూస్తే నవ్వరా?" అంది వదిన.

"నవ్వనీ వదినా. నవ్వుడు మాకు అలవాటే" అన్నాను. నోరు జారింది. ఆమె నొచ్చుకుంది, తర్వాత నేనే పోయి చేయి పట్టుకున్నాను.

పిల్ల పిండి తడిపింది. కత్తెర జగిత్యాలలోనే ఉండిపోయింది కనుక రొట్టెలు చేసి చాకుతో కోసింది, లావుగా, సన్నంగా, ఎట్లా వస్తే అట్లా. సూరువ మరిగింది. పెద్దలకు పెట్టేది ఎంగిలి కాకూడదు కనుక ఉప్పు ఎవరూ చూడలేదు. ఎండుమిర్చి అందించబోతే నా చేయి ఆపింది.

"వద్దమ్మా. అమ్మమ్మకు మండుతది."

ఆ మాట నాకొక్కదానికే వినపడేట్టు చెప్పింది.

మానేరు ఒడ్డున కాకులు వచ్చాయి. కూర ముక్కలే ముందు ఎత్తుకుపోయాయి. ఒక కాకి నూడిల్ పోగును ముక్కుతో లాగి, కాసేపు చూసి వదిలేసింది. ఏం చేస్తాం, దానికేం తెలుసు? అన్న "ముట్టింది, ముట్టింది, పోదాం పాండ్రి" అన్నాడు. ఇంటికి వచ్చి అందరూ స్నానాలు చేశారు. వడ్డనలు మొదలయ్యాయి. బిడ్డ కనిపించకపోతే వెతుక్కుంటూ వంటింట్లోకి పోయాను.

పొయ్యి పక్కన నేల మీద కూర్చుని ఉంది. అడుగున మిగిలిన నూడిల్స్ గిన్నెను ఒడిలో పెట్టుకుంది. నన్ను చూసి ఆపలేదు. నేను ఏమీ అడగలేదు. పక్కన చతికిలబడ్డాను. ఒక్క మిరపగింజ కూడా లేని ఆ తెల్లటి పోగులను మా బిడ్డ ముక్కు ఎగబీల్చుకుంటూ, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ అడుగు దాకా తిన్నది.