పతకంలో వేలిముద్ర

పొద్దున్నే పాలు కాచుకుంటుంటే మా అన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒంటి మీద చొక్కా లేదు. "రేయ్, ఇదో ఇంక లేదురా" అన్నాడు.

చదివేవాళ్ళకు ఈ మాట అర్థం కాదు గనక చెప్పాలి. "ఇదో" అంటే మా వదిన. పెళ్ళయిన నాటి నుంచి మా అన్న ఆమెను పిలిచింది ఆ ఒక్క మాటతోనే. ఆమె పోయిన కబురు కూడా దాంతోనే చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. పదేళ్ళ కిందట ఆయన ఆమెకు ఇచ్చి తప్పిన మాట గుర్తొచ్చింది. దాని వెంట కోపం వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. నా వయసులో అన్నీ ఆ వరుసలోనే వస్తాయి.

ఆ మాట పెద్దదేమీ కాదు. మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర ఏటా వేసవిలో రోజుల తరబడి వేషాలు కట్టి ఆడే భారతంలో, జనమంతా వింటుండగా, మైకులో ఆమె పేరు చెప్తానన్నాడు. చెప్పలేదు.

ఈ పత్రిక సంపాదకుడు మంచివాడే. స్మృతి వ్యాసమంటే పోయినవారి పేరూ ఫోటో ఉండాలి సార్ అన్నాడు. ఫోటో ఇచ్చాను. పేరు సంగతి చివర చెప్తాను.

మాది నగరి నుంచి పుత్తూరు పోయే దారిలో ఒక చిన్న ఊరు. మా అన్న ఇల్లూ నా ఇల్లూ ఎదురెదురుగా ఉంటాయి. నేను గ్రంథాలయాల్లో ఉద్యోగం చేసి, చదవాల్సినవీ చదవక్కర్లేనివీ అన్నీ చదివి, రిటైరై వచ్చి ఇక్కడ పడ్డాను. ఒంటివాణ్ణి. సాయంత్రాలు వాళ్ళ వసారాలోనే గడిచేవి. అక్కడ మా వదిన నగలు చేసేది. బంగారు నగలు కాదు, వేషాల నగలు. భారతంలో ద్రౌపది వేషానికి, తిరుపతి గంగ జాతరలో మొక్కుకుని ఆడవేషం కట్టే మగవాళ్ళకు హారాలు, వడ్డాణాలు, కొప్పులో పెట్టే నాగరాలు తయారు చేసేది.

మొదట్లో అట్ట మీద అద్దం ముక్కలు అంటించేది. తర్వాత ఫోనులో ఎవరో ఉత్తరాది పిల్ల రెజిన్ అనే జిగురు ద్రవంతో రాళ్ళు పోస్తుంటే చూసి నేర్చుకుంది. ఆ పిల్ల మాట్లాడే భాష ఈమెకు ఒక్క ముక్క రాదు. అడిగితే, "సేతులు సూస్తే సాలదా అప్పా, నోరెందుకు?" అంది. బాత్రూము గోడల సందులు పూడ్చే సిలికాన్ ట్యూబు తెప్పించి, సబ్బు నీళ్ళలో ముద్దగా పిసికి, అందులో వాళ్ళమ్మ కెంపుల కమ్మను గుచ్చి తీస్తే అదే అచ్చు. అచ్చు అడుగున వెలుగు కోసం సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం పరిచేది. మా అన్నకు డాక్టరు సిగరెట్లు మాన్పించినప్పుడు ఊరంతా సంతోషించింది. మా వదిన మాత్రం వారం రోజులు గొణిగింది.

రెజిన్ పెద్ద సీసాలో ఉంటుంది. దాన్ని గట్టిపరిచే మందు చిన్న సీసాలో ఉంటుంది. రెండూ కలిపి ఐస్‌క్రీము పుల్లతో తిప్పాలి. తొందరపడి తిప్పితే బుడగలు చేరతాయి, రాయి సోడా నీళ్ళలా కనిపిస్తుంది. తక్కువ తిప్పితే ఎన్నాళ్ళయినా జిగురు జిగురుగానే ఉంటుంది. ఆమెకు గడియారం చూసి తిప్పడం నచ్చలేదు. నేను పుస్తకం పైకి చదువుతుంటే ఆ వేగంతో తిప్పేది. మామూలు పుస్తకమైతే రెండు పేజీలు. నేను పేజీ తిప్పినప్పుడల్లా ఆమె పుల్లను అడుగుకంటా దించి గిన్నె గోడలు గీకేది.

ఒకసారి పద్యాలు మొదలుపెట్టాను. కాసేపు చూసి చెయ్యి ఆపేసింది.

"పద్యం వొద్దప్పా. సెయ్యి దానెంబడే ఎగిరెగిరి పోతాది. సూడు ఎన్ని బుడగలో."

"మంచి పద్యం వదినా."

"మంచిదేలే. రాళ్ళకు పనికిరాదు."

జిల్లాలో పేరున్న రచయిత ఒకాయన తన నవల పంపి నా అభిప్రాయం రాయమన్నాడు. అదే పట్టుకుపోయి చదివాను. నాలుగో సాయంత్రం పుల్ల తిప్పుతూనే ఆమె అడిగింది: "ఏమప్పా, ఈ మడిసి ఇంకా బస్సు దిగలేదా?" చూస్తే నిజమే. నాయకుడు మొదటి అధ్యాయంలో ఎక్కిన బస్సు పుస్తకం సగానికి వచ్చినా ఆగలేదు. ఆ ఒక్క వాక్యమే నా అభిప్రాయంగా రాసి పంపించాను. ఆ నవలకు తర్వాత సన్మానం జరిగింది. ఆయన ఇప్పటికీ సభల్లో నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. నాకు హాయిగా ఉంటుంది.

జాతర ముందు రోజుల్లో ఆ వసారా చూడాలి. తిరుపతి నుంచి బస్సు దిగి మీసాలవాళ్ళు వచ్చేవాళ్ళు. చీర సంచిలో పెట్టుకుని, సిగ్గు మొహంలో పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఆమె దగ్గర ఆ సిగ్గు నిలిచేది కాదు. పలమనేరు నుంచి టమోటా లారీ తోలే ఒకాయన ఏటా వచ్చేవాడు. మనిషి ధాన్యం బస్తాలా ఉంటాడు. ఒక ఏడు వడ్డాణం రెండు కొసలూ కలవలేదు.

"అమ్మా, పట్టలేదు" అన్నాడు.

"నడుమనేది యాడుండాదో సూపించు నాయనా, ఆడ కడతా."

"ఈడే యాడో ఉండాల."

"పోయినేడు ఉన్నింది. నేనే సూసినా. టమోటాలు అమ్మినావా, తిన్నావా?"

ఆయన నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. అదే మనిషికి ఆమె చెవుల దిద్దులు పెడుతూ, పిల్లకు జబ్బు నయమైతే వేషం కడతానన్న మొక్కు గురించి అడిగి, ఆ పిల్ల ఇప్పుడేం చదువుతోందో కనుక్కుని, రెండు చిన్న జుంకాలు పొట్లం కట్టి ఇచ్చి పంపింది. వేషానికి వచ్చినవాళ్ళు అద్దంలో చూసుకుని తల అటూ ఇటూ తిప్పుకునే క్షణం కోసమే తానీ పని చేస్తున్నానని నాతో అనేది. "మగోళ్ళకు నగ పెడితే ఎంత నెమ్మదైపోతారో సూడు" అనేది.

ఆమె అణకువ మనిషేమీ కాదు. చేసినది బాగుందని ఎవరైనా చెప్పకపోతే తానే చెప్పించుకునేది. మొగుడి పేరు పలకకూడదని మా అమ్మ ఎంత చెప్పినా వినకుండా, చేని గట్టు మీద నిలబడి ఊరికి వినపడేలా పేరు పెట్టి పిలిచేది. మా అమ్మ చెవులు మూసుకునేది. అలాంటి మనిషికి తన పేరు కూడా ఒకసారి గట్టిగా వినాలని ఉండదా?

మా భారతం చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. నేల మీద మట్టితో ఏనుగంత దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. వధ అయ్యాక, అన్నాళ్ళూ జుట్టు విరబోసుకున్న ద్రౌపది వేషధారి కొప్పు ముడుస్తాడు. ఆ క్షణంలో అతను వేషగాడు కాదు, అమ్మవారే. కొత్త చీర, పూలు, నగలు పెడతారు. ఏది ఎవరిచ్చారో మైకులో పేరు పేరునా చెప్తారు. పదేళ్ళ కిందటి ఆ ఏడు మైకు పట్టే పని మా అన్నది. నగలు మా వదినవి. అంతకు ముందు ఏటా మదరాసు నుంచి అద్దెకు తెచ్చేవాళ్ళు.

ఆ మాట ఇచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆమె హారం పతకానికి పెద్ద కెంపు పోస్తోంది. నేను చదువుతున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని, "మైకులో నీ పేరు చెప్తాలే" అన్నాడు.

"పేరేనా?"

"పేరే."

"ఇంటిపేరుతోనా, వొట్టి పేరా?"

"రెండూ."

"అయితే ఈడ ఒక తూరి అను. సూస్తా."

మా అన్న దగ్గాడు, నవ్వాడు, పైకి చూశాడు. "ఆడ అంటాలే" అన్నాడు.

ఆ పెద్ద కెంపులో పగులు వచ్చింది. దుర్యోధన వధ ముందు రోజు సాయంత్రం మళ్ళీ పోయాల్సి వచ్చింది. ఆ పొద్దున మా వదిన పట్టుచీర కట్టుకుని ఆడవాళ్ళ ముందు వరుసలో కూర్చుంది. దుర్యోధనుడు చచ్చాడు. కొప్పు ముడి పడింది. మా అన్న ఎడమ చేత్తో మైకు, కుడి చేత్తో పతకం పట్టుకుని జనానికి ఎత్తి చూపించాడు. చీర నగరి మగ్గాలవాళ్ళది అన్నాడు. పూలిచ్చిన ఇంటిపేరు చెప్పాడు. "నగలు..." అన్నాడు. ఆగాడు. మైకు కీచుమంది. మళ్ళీ "నగలు..." అన్నాడు. "నగలు మదరాసు నుంచి తెప్పించినవి!" అనేశాడు.

జనం చప్పట్లు కొట్టారు. మా వదిన పక్కనున్నామె ఆమె మోచెయ్యి పొడిచి, "అదీ మదరాసు సరుకంటే. సూడు మెరుపు!" అంది.

"అవునమ్మా" అంది మా వదిన. "ఆ మెరుపే వేరు."

మధ్యాహ్నం ఇంట్లో నేను మా అన్న మీద అరిచాను. చిన్నప్పటి నుంచీ మిగిలినవన్నీ కలిపి అరిచాను. ఆయన తల వంచుకుని, "నోరు రాలేదురా. ఎప్పుడన్నా అన్నిండానా నేను?" అన్నాడు. నిజమే, అనలేదు. అలవాటు లేని మాట అంత జనంలో నాలుక మీదికి రాలేదు. నేను అర్థం చేసుకోగలను. క్షమించడం వేరే పని.

అంతలో గుడి నుంచి నగల పెట్టె తిరిగొచ్చింది. మా వదిన పతకం తీసి వెలుతురుకు పెట్టి చూసింది. ముందు రోజే పోసిన రాయి, పొద్దునకింకా పూర్తిగా గట్టిపడలేదు. ఎత్తి చూపించినప్పుడు మా అన్న బొటనవేలు దాని నడిమధ్య నొక్కుకుపోయింది. గీతలతో సహా వేలిముద్ర పడింది. తర్వాత అది అలాగే గట్టిపడింది. నేను ఆమె ఏడుస్తుందనుకున్నాను.

"అరవొద్దులే అప్పా" అంది. "నోట్లో పేరు రానోళ్ళు ఏం సేస్తారు? ఏలిముద్ర ఏసినాడు సూడు."

ఎంత నవ్విందో! మా అన్న కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ రాయి మార్చమంటే మార్చలేదు. పతకం దేవుడి గూట్లో పెట్టి, మరుసటి ఏటికి ఇంకొకటి చేసింది.

మా అన్న మళ్ళీ మైకు ముట్టుకోలేదు. పట్టుకున్నవాళ్ళు ఆయన అన్న మాటే అన్నారు. ఏటా "మదరాసు నగలు" అనడం ఆచారమైపోయింది. నగలు ఎవరు చేస్తారో ఊరందరికీ తెలుసు. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి, "మదరాసు నగలు సేసే అమ్మ ఇల్లు యాడ?" అని అడిగేవాళ్ళు. ఈ ప్రశ్నలో ఉన్న తిరకాసు నాకు తప్ప ఎవరికీ పట్టలేదు. ఆమె లోపలి నుంచి, "ఈడే నాయనా, మదరాసు ఈడికే వొచ్చేసింది" అని పలికేది. ఆమె సుఖంగానే ఉంది. ఇది నేను ఒప్పుకోవాలి. పని ఉంది, వచ్చేపోయే మనుషులున్నారు, వినడానికి పుస్తకాలున్నాయి. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, జాతర రోజున తనకున్నంతమంది ఆడపిల్లలు ఎవరికీ లేరనేది.

పోయే ముందు సాయంత్రం కూడా రాళ్ళు పోసింది. పచ్చలు. నేను రెండు పేజీలు చదివాను. మూడోది మొదలుపెడితే, "సాల్లే, కలిసింది. మిగతాది రేపు" అంది. నిద్రలోనే పోయింది. పొద్దున నేను వెళ్ళి చూస్తే పచ్చలు పళ్ళెంలో గట్టిపడి ఉన్నాయి. ఒక్కదానిలోనూ బుడగ లేదు.

లారీ ఆయన వచ్చి పాడె మోశాడు. తిరుపతి నుంచి ఒక బస్సుడు మీసాలు వచ్చి వసారాలో నేల మీద కూర్చున్నాయి. ఊరివాళ్ళు వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. "మదరాసు నగలమ్మకు కన్నీటి నివాళి" అని. దాని మీద కూడా పేరు లేదు. కర్మ చేయించే స్వామి గోత్రమూ పేరూ అడిగితే, మా అన్న వంగి ఆయన చెవిలో చెప్పాడు. స్వామి దాన్ని మంత్రంలో కలిపి గబగబా మింగేశాడు. పక్కనే ఉన్న నాకు వినపడలేదు. అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు సాయంత్రాలు మా అన్న వసారాలో ఆ స్టూలు మీద కూర్చుంటాడు. గూట్లోంచి పతకం తెచ్చుకుని, కెంపు నడిమి పల్లంలో బొటనవేలు పెట్టి ఉంచుతాడు. సరిగ్గా సరిపోతుంది. నేను ఎదురుగా కూర్చుని పైకే చదువుతాను. రెండు పేజీలు చదివి ఆపుతాను.

సంపాదకుడు అడిగిన పేరు నేను రాయడం లేదు. నాకు తెలియక కాదు. అది ముందు పలకాల్సిన నోరు ఇంకా బతికే ఉంది, వచ్చే వేసవిలో భారతం ఉంది, గుడిలో మైకు బాగానే పనిచేస్తోంది. అప్పటిదాకా మీకు ఒక్క పేరే ఇస్తాను. ఆమె గట్టు మీద నిలబడి ఊరంతా వినేలా పిలిచిన పేరు, మా అన్న పేరు: చెంగల్రాయుడు.