కార్ఖానా చర్చి హాల్లో కాప్రా చెరువు

తొంభైల మొదట్లో ఒక జూన్ నెలలో, నన్ను రెండేళ్ల చదువు సెలవు మీద ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పోస్టుగ్రాడ్యుయేషన్‌కు పంపుతూ మా శాఖ ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి నేను ఉద్యానవన విభాగంలో అసిస్టెంట్ ఆర్కిటెక్టుని. నా పైన ఒక డిప్యూటీ, ఆయన పైన చీఫ్, నా కింద ఒక డ్రాఫ్ట్స్‌మన్. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది కానీ, మేము చేసే పని చౌరస్తాల్లో గుండ్రటి తోటలు వేయడం, రోడ్డు మధ్య డివైడర్లలో కాగితప్పూల మొక్కలు పెట్టడం. సికింద్రాబాద్‌లో ఏ బస్సెక్కినా మా సుగుణ గీసిన తోట కనబడకుండా దిగలేరని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పుకునేది. పైకి విసుక్కునేదాన్ని గానీ, నాకూ అది గర్వంగానే ఉండేది.

ఉత్తర్వు చివర ఒక షరతు ఉంది. కోర్సు మొదటి ప్రయత్నంలోనే పాసైతే, కొత్తగా పెట్టబోయే చెరువుల విభాగంలో నాకు పోస్టు ఇస్తారు. తప్పితే మళ్లీ డివైడర్ల దగ్గరకే. నాకు ఆ చెరువుల పోస్టు కావాలి. చాలా కావాలి. ముప్పై ఐదు దాటిన మనిషికి ఒక కుర్చీ మీద అంత మనసు పడటం ఏమిటని ఇంట్లో వాళ్లు నవ్వేవారు.

మా కోర్సు మారేడుపల్లి వైపు ఒక అద్దె బంగళాలో నడిచేది. బయటివాళ్లకు ఈ చదువు తోటపనిలా అనిపిస్తుంది. కాదు. ఇంటి ముందు తోటకు మొక్కలు తెలిస్తే చాలు. కొన్ని కిలోమీటర్ల నేలను ఒక్కటిగా చూసి, ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో, ఎక్కడ చెట్లు ఉండాలో, వాన ఎటు పారాలో ముందే నిర్ణయించడం ఈ చదువు. ఒక చెరువులోకి ఏ నేల మీద పడిన వాన చేరుతుందో ఆ నేలంతటినీ పరీవాహకం అంటారు. మాకు కొలత చెరువు గట్టు కాదు, ఆ పరీవాహకం. మా ప్రొఫెసర్ శేషగిరిరావు గారు మొదటి రోజే చెప్పారు, తాను మొక్కల పేర్లు అడగనని, నీళ్లు ఎటు పోతాయో మాత్రమే అడుగుతానని. నాకేమో మొక్కల పేర్లన్నీ వచ్చు. ఆ రోజు కొంచెం చిన్నబుచ్చుకుని ఇంటికి వెళ్లాను.

రెండో ఏడు థీసిస్‌కు నేను కాప్రా చెరువు పరీవాహకం తీసుకున్నాను. ఎగువన ఉన్న చిన్న కుంట దగ్గర మొదలుపెట్టి చెరువు దాకా కాలువ వెంబడి చెప్పులు అరిగేలా తిరిగాను. తోడుగా నా సహాధ్యాయి యాదగిరి వచ్చేవాడు. భువనగిరి అబ్బాయి, నాకంటే పదేళ్లు చిన్న, డిగ్రీ అవగానే కోర్సులో చేరాడు. మాట ఆపడు, నడక ఆపడు. ఎండలో నేను నీడ వెతుక్కుంటే, తాను గట్టెక్కి అవతల ఏముందో కేకేసి చెప్పేవాడు.

ఇక పటం సంగతి. ఇంత నేలకు సెంటీమీటరుకు యాభై మీటర్ల స్కేలు సరిపోతుంది, పటం ఒక మామూలు డ్రాయింగ్ బోర్డు మీద పడుతుంది. కానీ ఆ స్కేలులో చెట్టు చుక్క కంటే చిన్నదైపోతుంది. చౌరస్తాల్లో పెరిగిన చేతికి చెట్టు గీయకపోతే తోచదు. అందుకని నేను సెంటీమీటరుకు ఐదు మీటర్లు పెట్టుకున్నాను. ఒక్కో షీటు పూర్తి చేసి ప్రొఫెసర్‌కు చూపించేదాన్ని. ప్రతి వేపకూ కొమ్మలు, ప్రతి కానుగకూ నీడ. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూసి, బాగుందమ్మా అనేవారు. షీట్లన్నీ కలిపితే ఎంతవుతుందో ఆయన అడగలేదు, నేను లెక్క వేయలేదు. తీరా కలిపి చూద్దామని స్టూడియో గోడ దగ్గరకు వెళితే, పటం గోడను దాటి కిటికీలోంచి వరండాలోకి పోయేట్టుంది.

“గిదేందక్కా, చెరువు ఎంతుందో పటం సుత గంతే గీసినవ్?” అన్నాడు యాదగిరి. నవ్వాపుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నాకు నవ్వు రాలేదు. తుది పరీక్షకు ఒక నియమం ఉంది. బయటి నుంచి వచ్చే పరీక్షకుడి ముందు ప్రధాన పటం ముక్కలుగా పెట్టకూడదు, ఒకే చోట, ఒకే చూపులో కనబడాలి. ఆ బంగళాలో అంత గోడ లేదు. మళ్లీ చిన్న స్కేలులో గీయడానికి వ్యవధి లేదు. పోస్టు చేతికందేలోపే జారిపోతోందని భోజనం దగ్గర అమ్మతో అన్నాను.

మా అమ్మ మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, గుడివాడ నుంచి మా దగ్గరకు వచ్చేసింది. కార్ఖానా పేటలో మా చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆమె ఏ సమస్యనైనా ఒక బడి సమస్యగా మార్చి తీర్చేస్తుంది. “గోడ లేకపోతే నేల లేదా? మన చర్చి హాలు ఉందిగా. అయ్యగారిని నేనడుగుతాను, నువ్వు ముందు అన్నం తిను” అంది. పాస్టరు గారిని మేము అయ్యగారనే అంటాం. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. పరీక్ష రోజు సాయంత్రం నుంచి స్త్రీల సమాజం వాళ్లు కోత పండుగకు హాలు అలంకరించుకోవాలి కాబట్టి, మధ్యాహ్నానికల్లా ఖాళీ చేయమన్నారు.

పరీక్ష రోజు పొద్దున్నే నేనూ యాదగిరీ షీట్లు పరిచి, వెనక నుంచి టేపు వేసి అతికించాం. ఫ్యాను గాలికి అంచులు లేస్తున్నాయి. యాదగిరి పాటల పుస్తకాలు తెచ్చి మూలల్లో పెట్టబోతే, అమ్మ గుమ్మంలోంచే కేకేసింది. పుస్తకం నేల మీద పెట్టేదేమిటని. చివరికి ఇంటి నుంచి తెచ్చిన స్టీలు టిఫిన్ డబ్బాలు మూల మూలకూ పెట్టాం. కాప్రా పరీవాహకం హాలు నిండా పచ్చగా పరుచుకుంది. చూసి నాకు కడుపు నిండింది.

పరీక్షకుడు మూర్తి గారు. మన వైపు మనిషే, కానీ చాలా ఏళ్లుగా ఢిల్లీలో పనిచేస్తున్నారు. బంగళాలో మిగతావాళ్ల పటాలు చూసి, ప్రొఫెసర్‌తో కలిసి హాలుకు వచ్చారు. గుమ్మంలో బూట్లు విప్పుతూనే పటం చూసి నిలబడిపోయారు. తర్వాత సంతోషంగా, “వెరీ గుడ్. ల్యాండ్‌స్కేప్ అంటే నడిచి చూడాల్సిందే. పదండి, నడుద్దాం” అన్నారు.

అని, కాలెత్తి, ఆ కాలు అలాగే ఆపేశారు.

మనకు కాగితం మీద కాలు పడదు. పొరపాటున తగిలితే వంగి ముట్టుకుని కళ్లకద్దుకుంటాం. చదువుల తల్లి అని కొందరంటారు, అక్షరం దేవుడిచ్చిందని మా తాతగారనేవారు. కారణం ఏదైనా చెయ్యి మాత్రం ఒకేలా వంగుతుంది. మూర్తి గారు కాలు వెనక్కి తీసుకోబోతే బొటనవేలు పటం అంచుకు తగిలింది. అంత పెద్దాయన చటుక్కున వంగి, కాగితం ముట్టుకుని, రెండు కళ్లకూ అద్దుకున్నారు. ఎవరైనా చూశారా అని తలెత్తారు. అందరం చూశాం. మొదట ప్రొఫెసర్ నవ్వారు, తర్వాత ఆయనే నవ్వారు. మా అమ్మ నా చెవిలో, “బాగా పెంచారమ్మా ఈయన్ని” అంది.

తర్వాత అందరం పటం చుట్టూ గోడలకు ఆనుకుని ప్రదక్షిణ చేశాం. అంచులన్నీ బాగానే కనబడ్డాయి. కానీ చెరువూ, కాలువా మధ్యలో ఉన్నాయి, వాటి మీద రాసినదేదీ కనబడదు. మూర్తి గారు మెడ సాచి సాచి అలసిపోయారు. కనబడని పటానికి మార్కులెలా వేయాలని ప్రొఫెసర్‌ను అడిగారు.

“సార్, మీదికి పోదాం సార్,” అన్నాడు యాదగిరి, బాల్కనీ చూపిస్తూ. “ఆడికెళ్లి జూస్తే మొత్తం కనవడ్తది.”

హాలు వెనక గాయక బృందం నిలబడే చిన్న బాల్కనీ ఉంది. చెక్క మెట్లెక్కి అక్కడికి చేరాం. కిందికి చూశాను. నెలల తరబడి బల్ల మీద మోచేతుల మధ్య గీసిన నేల, మొదటిసారి ఒక్కటిగా కనబడింది. నేను కొమ్మ కొమ్మా గీసిన చెట్లు ఒక్కటీ కనబడలేదు. అన్నీ కలిసి ఒక పచ్చ రంగు అయిపోయాయి. ఆ పచ్చ మధ్య నుంచి ఎగువ కుంట నుంచి కాలువ నీలం గీతగా కిందికి దిగుతోంది. ఎంత ఆనందం కలిగిందంటే, పరీక్ష అన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

మూర్తి గారు మరిచిపోలేదు. “ఆ ఎర్రటి గుండ్రం ఏమిటమ్మా?” అని అడిగారు.

అది నా పటంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. కాలనీ పార్కు. గుండ్రటి ప్రహరీ, లోపల గులాబీ మళ్లు, మధ్యలో ఫౌంటెను. వివరంగా చెప్పాను.

“బాగుంది. కాలువ నీళ్లు అక్కడికొచ్చి ఎటు పోతాయి?”

చూశాను. నీలం గీత పార్కు ప్రహరీ దాకా వచ్చి ఆగింది. అవతల వైపు మళ్లీ మొదలై చెరువుకు వెళ్లింది. పార్కు ఒక షీటులో ఉంది, కాలువ రెండు వైపులా వేరే షీట్లలో ఉంది. బల్ల మీద దేనికది ముచ్చటగానే ఉన్నాయి. ఇక్కడి నుంచి చూస్తే సంగతి పసిపిల్లకైనా అర్థమవుతుంది. నేను నీళ్ల దారికి అడ్డంగా ఒక చౌరస్తా కట్టాను.

భయపడాల్సిన చోట నాకు నవ్వు ముంచుకొచ్చింది. “ఎటూ పోవు సార్. నేను అక్కడ కూడా ట్రాఫిక్ ఐలాండే వేశాను. చేతికి అలవాటైపోయింది,” అన్నాను. మూర్తి గారు రెయిలింగ్ పట్టుకుని గట్టిగా నవ్వారు. నవ్వయ్యాక మాత్రం, నీళ్లు ఆగే పటాన్ని పాస్ చేయలేనని మర్యాదగానే చెప్పారు.

సవరించవచ్చా అని అడిగాను. ప్రొఫెసర్ నియమం గుర్తు చేశారు. పరీక్షకుడు అనుమతిస్తే, ఆయన కళ్ల ముందు, అదే పటం మీద విద్యార్థి తన చేత్తో దిద్దవచ్చు. ఇద్దరూ పక్కన సంతకం పెడితే చెల్లుతుంది. మూర్తి గారు, కానివ్వండి అన్నారు.

రంగు పెన్సిళ్లూ రబ్బరూ పట్టుకుని కిందికి దిగి, పటం అంచున ఆగిపోయాను. పార్కు నడిమధ్యన ఉంది. నడవకుండా అక్కడికి చేరే దారి లేదు. కాలు లేవదు. కిందే ఉండిపోయిన అమ్మ వైపు చూశాను. వేలమంది పిల్లలకు కాగితం తొక్కకూడదని నేర్పిన మనిషి ఆవిడ.

“నడువు,” అంది అమ్మ. “నువ్వు గీసిన నేలే కదా. నేల మీద కాక ఎక్కడ నడుస్తావు?”

వంగి అంచు ముట్టుకుని కళ్లకద్దుకున్నాను. అడుగు వేశాను. కాగితం అరికాళ్ల కింద చల్లగా ఉంది.

పార్కు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను కానీ, దగ్గర నుంచి కాలువ ఏ వరసలో రావాలో తెలియదు. పైనుంచి యాదగిరి కేకలు మొదలుపెట్టాడు. “జెర ఎడమకక్కా! గంత కాదు, జెర! ఆఁ, గట్లనే రానియ్!” అప్పటికే కోత పండుగ ఆడవాళ్లు గుమ్మడికాయలూ వరికంకులూ పట్టుకుని గుమ్మంలో చేరారు. సంగతేమిటో అమ్మను అడిగి తెలుసుకుని, వాళ్లు కూడా పార్కు తీసేయమ్మా, నీళ్లు రానివ్వమ్మా అని అరవడం మొదలుపెట్టారు. ప్రహరీ చెరిపేశాను. గులాబీ మళ్ల మీదుగా నీలం లాగాను, రెండు వైపులా పచ్చ పూశాను. ఫౌంటెను చెరుపుతున్నప్పుడు మాత్రం కాస్త బాధేసింది.

లేచి నిలబడి పైకి చూశాను. మూర్తి గారు మళ్లీ అదే అడిగారు, నీళ్లు ఎటు పోతాయని. నోటితో చెప్పబోయి ఆగాను. పటం పై అంచు దాకా వెళ్లి, కుంట మీద నిలబడి, కాలువ వెంబడి నడిచాను. పార్కు ఉన్న చోటు దాటాను. చివర చెరువు మధ్యలో ఆగాను. హాలంతా చప్పట్లు కొట్టింది. ప్రొఫెసర్ తాను పరీక్షించే పక్షాన ఉన్న సంగతి మరిచి అందరికంటే ఎక్కువ కొట్టారు.

పాసయ్యాను. పోస్టు వచ్చింది. రిటైరయ్యే దాకా ఆ విభాగంలోనే పనిచేశాను.

ఆ రోజు నేర్చుకున్నవి రెండు. పెద్ద నేలకు పటం గీసేవాళ్లు పెన్సిలు పట్టకముందే, దాన్ని ఎక్కడ నిలబడి చూడాలో వెతుక్కోవాలి. పూర్తయ్యాక తప్పు కోసం వెతికేటప్పుడు, తమకు బాగా చేతనైన పని ఎక్కడ చేశారో అక్కడ ముందు చూడాలి. అందుకే మా ఆఫీసులో ఏ జూనియర్ చెరువు పటం తెచ్చినా, వరండాలో పరిపించి, మేడ మెట్ల మీద నుంచి చూసేదాన్ని. ఆ తర్వాత చెప్పులు విప్పి, నీళ్ల వెంట నడిచి చూపించమనేదాన్ని. దాదాపు అందరూ అంచున ఆగి, వంగి, కళ్లకద్దుకునేవారు. అంతవరకూ ఓపిక పట్టేదాన్ని. నడవకపోతే మాత్రం సంతకం పెట్టేదాన్ని కాదు.